సగం గడ్డంతో పైకి వెళ్లినవాడు

స్టూడియో వెనక వీధి,
మేడ మీది గది

పూజ్యులైన అత్తయ్యకు,

మీ కోడలు నమస్కరించి రాసేది. ఫోన్లో నా మాట మీకు సగమే వినపడుతుంది. వినపడని సగాన్ని మీరు మీకు తోచినట్టు పూరించుకుంటారు. అందుకే ముఖ్యమైన సంగతి కాగితం మీద పెడుతున్నాను.

నేను రాసిన కథను సినిమా తీయడానికి ఒక డైరెక్టరు ఒప్పుకున్నాడు. ఇన్నాళ్లూ వేరేవాళ్ల కథలకు మాటలు రాసి పొట్టపోసుకున్నదాన్ని, ఇది మాత్రం పూర్తిగా నాది. నవ్వించే సినిమా. చచ్చిపోయినవాడి గురించి. ఈ రెండు ముక్కలూ పక్కపక్కనే చూసి మీరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి ఉంటారు. దయచేసి మళ్లీ పెట్టుకోండి.

ఒక లిఫ్టు మెకానిక్కు సెలూన్లో గడ్డం గీయించుకుంటూ గుండె ఆగి పోతాడు. ఎడమ చెంప నున్నగా ఉంటుంది, కుడి చెంప మీద నురగ. అలాగే పైకి వెళ్తాడు. పైన ఒక పెద్ద ఆఫీసు. ఫోటోకీ మొహానికీ పోలిక కుదరడం లేదని ఏ కౌంటరులోనూ అతన్ని ముందుకు పోనివ్వరు. అసలు పైఅంతస్తుకు వెళ్లే లిఫ్టు ఎప్పుడో మధ్యలో ఆగిపోయి ఉంటుంది. బాగుచేసే దిక్కు లేదు, ఎందుకంటే లిఫ్టు మెకానిక్కులంతా ఇంతవరకూ కిందికే వెళ్లారట.

ఇది మీ అబ్బాయి కథేనని మీకు వేరే చెప్పక్కర్లేదు. రాసిన కాగితాలు ఇందులోనే పెడుతున్నాను. మీరు సరేనంటేనే షూటింగని డైరెక్టరుకు ముందే చెప్పాను. వద్దంటే కట్టగట్టి అలమారలో పడేస్తాను, మళ్లీ ఆ ఊసెత్తను.

మీ కోడలు

*

మూడో అంతస్తు,
ఎడమవైపు వాటా

అమ్మాయికి,

ప్యాకెట్టు అందింది. చదవలేదు. చదవను.

వాడు పోయి రెండేళ్లన్నా తిరగలేదు, అప్పుడే వాడి చావు జనానికి నవ్వులాట అయిందన్నమాట. ఆ రోజు సెలూనతను భుజం మీద తువ్వాలుతో, వేళ్ల మధ్య సబ్బు నురగతో మెట్లెక్కి వచ్చి మన గుమ్మంలో నిలబడ్డాడు. ఆ మొహం ఇప్పటికీ నా కళ్లముందు నుంచి పోలేదు. అదంతా తెర మీద చూసి, టిక్కెట్టు కొన్నవాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. నువ్వు చదువుకున్నదానివి, నేను నీకు చెప్పేదేముంది.

ఇక్కడ అంతా మామూలే. పక్క వాటా ఆవిడకు, అదే మన రేడియో పిన్నిగారికి, మోకాళ్ల నొప్పులు తగ్గాయి. నోటికి నొప్పన్నది ఆవిడకు ఎప్పుడూ లేదనుకో.

అత్తయ్య

తా.క.: మొదటి పేజీలో వాడు గడ్డం గీయించుకుంటూ టీ తాగినట్టు రాశావు. నురగ కప్పులో పడుతుందని వాడు ససేమిరా తాగడు. రెండో పేజీలో కూడా ఒక తప్పుంది.

*

మేడ మీది గది

అత్తయ్యా,

మీరు చదవని కాగితాల్లో రెండో పేజీ తప్పేమిటో కూడా చెప్పండి, దిద్దుకుంటాను.

మీకు కోపం వస్తుందని తెలిసే పంపాను. ఎందుకు రాశానో చెప్తాను వినండి. ఆస్పత్రిలో ఆయన్ని మనకు అప్పగించే ముందు అక్కడి పనివాడు నా దగ్గరికి వచ్చి, "రెండో పక్క కూడా గీసేయమంటారామ్మా?" అన్నాడు. మర్యాదగానే అడిగాడు. "వద్దులే బాబూ, ఆయన మొదలుపెట్టిన పని ఇంకొకళ్లు ముట్టుకుంటే ఆయనకు ఒళ్లు మంట" అన్నాను నేను. అన్నాక నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. గోడవైపు తిరిగి, అది ఏడుపులోకి దిగేదాకా నవ్వాను. మీరు వెనకనుంచి వచ్చి, ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరారు.

ఆ తర్వాత ఆయన ప్రస్తావన వస్తే చాలు, అందరూ గొంతు తగ్గించేవాళ్లు. పోయినవాళ్లంతా ఒకే రకం మంచివాళ్లయిపోతారు కదా, ఆయన్ని కూడా అలా చేసేస్తున్నారు. ఆయన మొండితనం, గొణుగుడు, ఎవరింటికి విందుకెళ్లినా జేబులో స్క్రూడ్రైవరు, ఇవన్నీ తీసేస్తే ఇంక మిగిలేదెవరు? ఏడిస్తే ఆయన నా దగ్గరికి రావడం లేదు అత్తయ్యా. నవ్వితేనే వస్తున్నాడు. అందుకే రాశాను.

ఇంకో మాట. మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా వచ్చే వారం మా సౌండ్ ఆయన మన బిల్డింగుకు వస్తాడు. సినిమాలో చప్పుళ్లన్నీ పట్టేది ఆయనే. మన పాత లిఫ్టు మూలుగు గురించి చెప్తే తప్పకుండా కావాలన్నాడు. ఈ సినిమాకు కాకపోతే మరో దానికి పనికొస్తుందట. ఒక గ్లాసు మంచినీళ్లివ్వండి, చాలు.

మీ కోడలు

*

మూడో అంతస్తు,
వంటింటి బల్ల

అమ్మాయ్,

చదివాను. ప్రెస్సులో ముప్ఫై ఏళ్లు ప్రూఫులు దిద్దినదాన్ని, ఎదురుగా తప్పులున్న కాగితం పెట్టుకుని చేతులు ముడుచుకు కూచోలేను. అంతేగానీ మెత్తబడ్డానని అనుకోకు.

రెండో పేజీలో వాడు వెళ్లి బుద్ధిగా క్యూలో నిలబడ్డాడని రాశావు. వాడు క్యూలో నిలబడగా నువ్వెప్పుడన్నా చూశావా? అక్కడ లిఫ్టు ఆగిందని తెలిశాక వాడి కాలు ఒక్కచోట నిలవదు. ముందు వెళ్లి తలుపు సందులో చెవి పెడతాడు. ఆ తర్వాత "ఎవడు చేశాడీ పని?" అంటాడు. తనకంటే ముందు ఎవరు చేసినా చెడగొట్టే ఉంటారని కదా వాడి నమ్మకం. అక్కడి ఆఫీసరు హడలిపోయి "ఇది సాక్షాత్తూ దేవుడు బిగించిన లిఫ్టండీ" అంటే, "అయితే ఆయన్నే పిలవండి, మాట్లాడతాను" అంటాడు. అలా రాయి. పైకి పోవడం కోసం వాడు లిఫ్టు బాగుచెయ్యడు. చెడిపోయింది కనక బాగుచేస్తాడు. పైకి పోవడం సంగతి వాడికి గుర్తే ఉండదు, ఎవరో ఒకరు గుర్తు చెయ్యాలి.

ఇది రాస్తూ నవ్వాను. ఇంట్లో ఒక్కదాన్నే, పైకే నవ్వాను. రేడియో పిన్నిగారు తలుపు కొట్టి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగి వెళ్లింది. ఈపాటికి బిల్డింగంతా తెలిసి ఉంటుంది.

మీ సౌండ్ ఆయన వచ్చాడు. పొడుగు మనిషి, కొంచెం వంగి నడుస్తాడు. చెవులకు డిప్పలు తగిలించుకుని పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా లిఫ్టులో పైకీ కిందికీ తిరిగాడు. మన అంతస్తు దగ్గర అది మూలిగినప్పుడల్లా కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత లోపలికి వచ్చి, ఆ పెద్ద కుర్చీ వదిలేసి, చిన్న స్టూలు లాక్కుని నా కుడిపక్కన కూచుని టీ తాగాడు. పక్క వాటాలోంచి గొంతు వినపడితే "రేడియో పిన్నిగారేనా?" అని నెమ్మదిగా అడిగాడు. మాట తక్కువ. మంచివాడిలాగే ఉన్నాడు.

షూటింగు మొదలుపెట్టుకోండి. చివరి భాగం మాత్రం నేను చెప్పేదాకా ముట్టుకోవద్దు. కళ్లు లాగుతున్నాయి, తర్వాత రాస్తాను.

అత్తయ్య

*

పరలోకం సెట్టు,
మేకప్ గది

అత్తయ్యా,

మీ ఉత్తరం డైరెక్టరుకు చదివి వినిపిస్తే కుర్చీలోంచి లేచి తిరగడం మొదలుపెట్టాడు. "ఈవిడ్ని ఎక్కడ దాచావు ఇన్నాళ్లూ?" అన్నాడు. దేవుడు బిగించిన లిఫ్టు సీను నిన్న తీశాం. లైటు బాయ్ నవ్వు ఆపుకోలేక మూడుసార్లు టేకు పాడుచేశాడు.

వేషం వేస్తున్న నటుడు పాపం సగం గడ్డంతోనే ఇంటికెళ్తున్నాడు. షూటింగు అయ్యేదాకా అంతే మరి. వాళ్లమ్మాయి అతనితో బయటికి రానంటోందట. ఇంకా ఘోరం వినండి. మొన్న పొద్దున మేకప్ మనిషి ఏ ధ్యాసలో ఉన్నాడో, కుడి పక్క గీసేసి ఎడమ పక్కకు గడ్డం అంటించాడు. సాయంత్రం దాకా ఎవరం గమనించలేదు. నాకన్నా తట్టాలి కదా, నాకూ తట్టలేదు. అందరం తలలు పట్టుకుంటే డైరెక్టరే తేల్చాడు. పైలోకంలో పొరపాట్లు దిద్దే శాఖ ఒకటి ఉందనీ, వాళ్లు దిద్దబోయి గడ్డాన్ని రెండో చెంపకు మార్చారనీ కొత్తగా ఒక సీను పెట్టాడు. ఇప్పుడు అదే అన్నిటికన్నా బాగుందంటున్నారు.

చివరి భాగం గురించి మీరేమీ రాయలేదు. తీయాల్సిన రోజు దగ్గరపడుతోంది. నచ్చకపోతే నచ్చలేదనే రాయండి, నేనేమీ అనుకోను. మీరు రాయకపోతే మాత్రం ఏదేదో అనుకుంటున్నాను. ఈ మధ్య నిద్ర కూడా సరిగ్గా పట్టడం లేదు. పని ఒత్తిడి, అంతే.

మీ కోడలు

*

మూడో అంతస్తు

అమ్మాయ్,

చివరి భాగం ఎప్పుడో చదివాను. కళ్లు లాగాయన్నది అబద్ధం.

పై ఆఫీసరు కిటికీ తెరిచి కింద ఉన్న భార్యను చూపిస్తే, మావాడి చేత ఏమనిపించావు? "ఆమె చిన్నది. నా కోసం బతుకంతా ఒంటరిగా ఉండక్కర్లేదు. మంచి మనిషి దొరికితే సంతోషంగా పెళ్లి చేసుకోమనండి." ఆ పేజీ నిలువునా కొట్టేశాను. ప్రూఫులు దిద్దినంతకాలం ఏ పేజీనీ అలా కొట్టెయ్యలేదు.

వాడు ఆ మాట అనడు. సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్ కొనుక్కొస్తే వెనక రేకు విప్పి లోపల చూశాకగానీ బాగుందని అనలేదు వాడు. పెళ్లాన్ని ఇంకొకడికిచ్చి సంతోషంగా వెళ్లిరమ్మంటాడా? అలిగి కూచుంటాడు. వచ్చేవాడి బూట్ల దగ్గర్నుంచి వంకలు పెడతాడు. కాగితాలన్నిటా వాడు వాడిలాగే మాట్లాడాడు, ఆ ఒక్క పేజీలో తప్ప. అక్కడ మాట్లాడింది నువ్వు.

నాకు వినపడే చెవి ఏదో ఆ పొడుగుమనిషికి ఎవరు చెప్పారు? మావాడు కూచునే కుర్చీ ఏదో ఎలా తెలిసింది, దాన్ని వదిలి స్టూలు ఎందుకు లాక్కున్నాడు? రేడియో పిన్నిగారన్న పేరు మన నాలుగు గోడలు దాటి బయటికెలా వెళ్లింది? అప్పటికి నాకు అనుమానమే. ఆ పేజీ చదివాక రూఢి అయింది. పిల్లి మీదా ఎలక మీదా పెట్టి, చివరికి పోయినవాడి మీద కూడా పెట్టి అడగాల్సిన అవసరం నీకేమొచ్చింది? నన్ను సూటిగా అడగలేకపోయావా?

అడిగి ఉంటే ఏమనేదాన్నో నాకూ తెలియదు, అది కూడా నిజమే. చాలా బాధపడ్డాను. వాడి కుర్చీలో ఇంకొకడు కూచుంటాడని కుళ్లు కూడా పుట్టింది. ఆ మనిషి స్టూలు మీద కూచున్నాడన్న సంగతి అప్పుడు గుర్తు చేసుకున్నాను. దానితో కుళ్లు కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. పోయేదాకా ఆగితే నీ వయసు కూడా పోతుంది.

కాబట్టి నువ్వు అడిగావనే అనుకుని జవాబిస్తున్నాను. చేసుకో.

ఇది రాసేశాక గుండెల మీంచి బండ దించినట్టుంది. మావాడి మాటలు మావాడిలా రాసి ఇందులో పెట్టాను. ఇష్టముంటే వాడుకో.

అత్తయ్య

*

పరలోకం సెట్టు,
ఖాళీ అయిన ఆఫీసు గది

అత్తయ్యా,

మీ ఉత్తరం చదివి, మళ్లీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టాను. సౌండ్ ఆయన వచ్చి ఏమైందని అడిగితే ఉత్తరం చేతికిచ్చాను. చదివి, మడిచి నా చేతిలో పెట్టి, చెవులకు డిప్పలు తగిలించుకుని అటు తిరిగి నిలబడ్డాడు. ఆ డిప్పల్లోంచి చప్పుడేమీ రావడం లేదు, మిషను ఆపే ఉంది.

సూటిగా ఎందుకు అడగలేదన్నారు. భయం వల్ల. నాకు పుట్టింటి తరఫున ఎవరూ మిగల్లేదని మీకు తెలుసు. ఇంకొకరిని చేసుకుంటే నేను మీకు ఏమవుతాను? ఆ మూడో అంతస్తుకు ఏ వరసన రాగలను? ఆయన పోయినప్పుడు మీరున్నారు. మీరు కూడా లేకుండా పోతే ఓర్చుకోవడం నా వల్ల కాదు. అందుకే ఆయన్ని అడ్డం పెట్టుకున్నాను. మీరు పట్టేసుకున్నారు. ఎంత తేలిగ్గా ఉందో చెప్పలేను, నిన్న రాత్రి మంచం మీద వాలడమే గుర్తుంది.

మీరు రాసిన సీను ఇవాళ తీశాం. ఒక్క అక్షరం మార్చలేదు. ఆయన కిటికీలోంచి కింద భార్యనీ, ఆవిడ పక్కనున్న మనిషినీ చూస్తాడు. తర్వాత "ఎవడు వాడు?" అంటాడు. "చప్పుళ్లు పట్టేవాడండీ." "ఫ్యూజు పోతే మార్చడం వచ్చా?" "రాదండీ." "మరేం చేస్తాడు?" "మీ ఆవిడ మాట్లాడుతుంటే వింటాడండీ." ఆయన స్క్రూడ్రైవరు అటూ ఇటూ తిప్పి, "అదొక్కటీ నాకు చేతకాలేదు" అంటాడు. అచ్చం ఆయనే అత్తయ్యా.

ఆ తర్వాత ఆయన చివరి మాట ఉంది. "మరి మా అమ్మ దగ్గరికి ఎవరెళ్తారు?"

మీరు నా పేజీ కొట్టేశారు కదా, ఇప్పుడు నేను మీ తప్పు పట్టుకుంటున్నాను. మీ అబ్బాయి మీ గురించి ఎప్పుడన్నా బెంగపడ్డాడా? ఆ బిల్డింగు కూలినా మా అమ్మ నిలబడే ఉంటుందనేవాడు. ఆ ప్రశ్న ఆయనది కాదు. మీది.

అయినా తీసెయ్యలేదు. జవాబు సినిమాలో లేదు, ఇక్కడ రాస్తున్నాను. మీ కింద వాటా ఖాళీగా ఉంది కదా, రెండో అంతస్తు, ఎడమవైపు. పోయిన వారమే సౌండ్ ఆయన వెళ్లి చూసొచ్చాడు. మీరు వద్దంటే వేరే చోటు చూసుకుంటామని ఇద్దరం అనుకున్నాం. సరేనంటే సంతకాలు పెట్టి పెళ్లి చేసుకున్న రోజే అందులోకి వస్తాం. మిమ్మల్ని మా దగ్గరికి రమ్మంటే మీరు రారు. అందుకని మేమే వస్తాం.

మీ కోడలు

*

మూడో అంతస్తు

అమ్మాయ్,

ఇల్లు చూసుకునే ముందు పెద్దదాన్ని ఒకదాన్ని అడగాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. ఆ వాటాలో స్నానాల గది పైకప్పు కారుతుంది. నాకెలా తెలుసంటావా, కారేది నా స్నానాల గదిలోంచే. పాత అద్దెవాళ్లు దాని గురించి నాతో పోట్లాడే ఖాళీచేశారు. ముందు అది బాగుచేయించి తర్వాత దిగండి. ఆ పొడుగుమనిషిని మాత్రం ముట్టుకోనివ్వకు, వినడం తప్ప ఏమీ రాదని మనమే రాసుకున్నాం.

ఆ ప్రశ్న నాదేనన్నావు. సరే, నాదే. వాడి గొంతుతో అడిగితే నాకు చిన్నతనం ఉండదనుకున్నాను. నువ్వు పట్టుకున్నావు. పట్టుకోకపోతే ఏమయ్యేదాన్నో తలుచుకుంటే ఇప్పుడు భయమేస్తోంది, ఎందుకంటే మళ్లీ అడిగేదాన్ని కాదు.

నిన్న రెండో అంతస్తు తాళం తీయించి కిటికీలు తెరిపించాను. గాలి బాగానే వస్తోంది. రేడియో పిన్నిగారు ఏమిటి విశేషమంటే, మా కోడలూ వాళ్లాయనా వస్తున్నారని చెప్పాను. ఆవిడ నోరు తెరిచింది, మాట రాలేదు. ఈ బిల్డింగులో ఇలా ఎప్పుడూ జరగలేదు.

అత్తయ్య

*

సినిమా వెంట ఊళ్లు తిరుగుతూ,
ఏదో హోటల్ గది

అత్తయ్యా,

పెళ్లయి నెల తిరక్కుండా నన్ను ఊళ్లు పట్టుకు తిప్పుతున్నారు. ఏ ఊళ్లో వేసినా హాలు నిండుతోంది. మన ఊళ్లో శుక్రవారం వేస్తారు, నేను మీ పక్కన ఉండలేను. ఆయన మిమ్మల్ని తీసుకెళ్తాడు. చూడటం కష్టమనిపిస్తే మధ్యలో లేచి వచ్చెయ్యండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఎలా ఉందో మాత్రం వెంటనే రాయండి. ఇక్కడ ఎంతమంది చప్పట్లు కొట్టినా మీ ఉత్తరం కోసమే చూస్తుంటాను.

మీ కోడలు

*

మూడో అంతస్తు

అమ్మాయ్,

వెళ్లాం. వచ్చాం. మధ్యలో లేవలేదు.

మీ ఆయన నా కుడిపక్కన కూచున్నాడు. లైట్లు ఆర్పారు. సెలూన్ కుర్చీ కనపడగానే కళ్లు మూసేసుకున్నాను. అప్పుడు మన లిఫ్టు మూలిగింది. మన లిఫ్టే, మన అంతస్తు దగ్గర మూలిగే మూలుగే, హాలంతా నిండిపోయింది. కళ్లు తెరిచాను. మావాడు సగం గడ్డంతో నిలబడి ఆఫీసరును కసురుకుంటున్నాడు. నవ్వాను. నా వెనకవాళ్లు నాకంటే ఆలస్యంగా నవ్వారు. దేవుడు బిగించిన లిఫ్టు దగ్గర కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాను, మీ ఆయన చేతిరుమాలు ఇచ్చాడు. వాళ్లంతా వాణ్ణి చూసి నవ్వుతున్నారని కోపం వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. వాడు ఇంతమందికి తెలిసినందుకు సంతోషంగా ఉంది.

చివరి సీను వచ్చింది. "అదొక్కటీ నాకు చేతకాలేదు" అనగానే మీ ఆయన తల వంచుకున్నాడు. మావాడు లిఫ్టు బాగుచేసి, సామాను సంచీలో సర్దుకుని, వెనక్కి తిరిగాడు. సరిగ్గా నా వంకే చూసి అడిగాడు, "మరి మా అమ్మ దగ్గరికి ఎవరెళ్తారు?"

ఎక్కడున్నానో మర్చిపోయాను. నేను గొంతు తగ్గించానని అనుకున్నప్పుడు ఎంత పెద్దగా మాట్లాడతానో నీకు తెలుసు కదా. "ఎవరూ వెళ్లక్కర్లేదురా, కింద వాటాలోనే ఉన్నారు" అన్నాను.

హాలు హాలంతా తిరిగి చూసింది. ఒక్క క్షణం ఆగి, అందరూ ఒక్కసారిగా నవ్వారు. నాకు సిగ్గెయ్యలేదు. నేను తెర వంకే చూస్తున్నాను. మావాడు విన్నట్టే తలూపి, లిఫ్టెక్కి తలుపు వేసుకున్నాడు.

అత్తయ్య